ఒకే ప్లేటుకు మూడు పుట్టుకలు: 1950ల నాటి పింగాణీని గుర్తుపట్టడం ఎలా

పాత పింగాణీ అమ్మే ఆన్‌లైన్ ప్రకటనలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. "మిడ్‌వింటర్ ప్లేటు, స్టైల్‌క్రాఫ్ట్, 1953, అరుదైనది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మిడ్‌వింటర్ అనేది ఒక ఇంగ్లిష్ కంపెనీ పేరు, స్టైల్‌క్రాఫ్ట్ ఆ కంపెనీ తెచ్చిన ఒక ఆకారం పేరు. కొనేవాళ్ళు ప్లేటు వెనక ఫొటో చూస్తారు. అక్కడ స్టైల్‌క్రాఫ్ట్ అనే ముద్ర కనబడుతుంది. నమ్మి డబ్బు కట్టేస్తారు. ఆ ప్రకటనలో అబద్ధమేమీ లేకపోవచ్చు. అయితే 1953 అనేది ఆ ప్లేటు ఆకారం మార్కెట్లోకి వచ్చిన ఏడాది. దాని మీదున్న బొమ్మ ఇంకో ఏడాదిది కావచ్చు. ఆ ప్లేటు బట్టీలోంచి బయటికి వచ్చింది మరో ఐదారేళ్ళకు అయివుండొచ్చు. ఇక అది అరుదా కాదా అనేది ఈ మూడింటికీ సంబంధం లేని నాలుగో లెక్క.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పటి నుంచి దాదాపు 1970 దాకా వచ్చిన ఇంటి సామానంతటినీ ఇప్పుడు మిడ్ సెంచురీ పేరుతో అమ్ముతున్నారు. బ్రిటన్‌లో, అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకు ఇవి చారిటీ షాపుల్లో, థ్రిఫ్ట్ స్టోర్లలో, ఆదివారం పూట కారు డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్మే కార్ బూట్ సేల్స్‌లో ఎదురవుతూనే ఉంటాయి. ముచ్చటపడి ఒకటి కొంటారు. ఆ తర్వాత ఇది ఏ కాలానిది, ఎవరు గీశారు, ఎంత పెట్టొచ్చు, ఇందులో అన్నం తినొచ్చా అనే ప్రశ్నలు మొదలవుతాయి. వీటన్నిటికీ వెనకున్న ముద్రలోనే జవాబు వెతకడం వల్ల చిక్కు వస్తోంది. ఒక్కో ప్రశ్నకు జవాబు ఆ వస్తువులో ఒక్కో చోట ఉంటుంది. ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్ పింగాణీని ఉదాహరణగా తీసుకుంటే ఈ చిక్కు బాగా విడిపోతుంది.

పదేళ్ళ తెల్ల ప్లేట్లు

స్టోక్ అంటే నిజానికి ఆరు ఊళ్ళు కలిసిన నగరం: టన్‌స్టల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్‌టన్. ఇంగ్లండ్ కప్పులూ ప్లేట్లూ అత్యధికం ఇక్కడ తయారైనవే. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం స్వదేశంలో అమ్మే పింగాణీ మీద రంగులూ బొమ్మలూ ఉండకూడదని నిషేధం పెట్టింది. మనుషులనూ ఇంధనాన్నీ యుద్ధానికి మళ్ళించాలి కాబట్టి జనానికి ఉత్త తెల్ల ప్లేట్లు చాలనుకున్నారు. యుద్ధం ముగిశాక కూడా ఆ నిషేధం పోలేదు. దేశానికి డాలర్లు కావాలి, అందుకని అందమైన సరుకంతా ఎగుమతికే వెళ్ళింది. చివరికి 1952 ఆగస్టులో ఎత్తేశారు.

ఆ పదేళ్ళలో పెళ్ళి చేసుకుని కాపురం పెట్టిన ఒక తరం మొత్తానికి రంగుల ప్లేటు కొనుక్కునే అవకాశమే లేకపోయింది. 1950ల డిజైన్లలో ఆ చుక్కలు, గళ్ళు, చారలు, ఎరుపు నలుపు రంగులు అంత జోరుగా ఎందుకున్నాయో ఈ సంగతి తెలిస్తే అర్థమవుతుంది. వాటిని ఉత్త ఫ్యాషన్‌గా చూస్తే సగమే చూసినట్టు.

బర్స్‌లెమ్‌లో 1910లో పెట్టిన డబ్ల్యూ. ఆర్. మిడ్‌వింటర్ కంపెనీకి అప్పుడు యజమాని కొడుకు రాయ్ మిడ్‌వింటర్ సేల్స్, డిజైన్ పనులు చూసేవాడు. 1952లో ఆయన ఆర్డర్ల కోసం కెనడా, అమెరికా వెళ్ళాడు. పాతకాలపు ఇంగ్లిష్ గులాబీల ప్లేట్లు అక్కడి కొనుగోలుదార్లకు మొహం మొత్తాయని తెలిసొచ్చింది. కాలిఫోర్నియా దాకా వెళ్ళి అమెరికా డిజైనర్లు ఈవా జైసెల్, రేమండ్ లోవీ చేసిన కొత్త ఆకారాలు చూసి తిరిగొచ్చాడు. మరుసటేడాదే స్టైల్‌క్రాఫ్ట్ వచ్చింది.

ఈ ఆకారాన్ని కాస్త దగ్గరగా చూడాలి. అంతకుముందు ఇంగ్లిష్ ప్లేటుకు చుట్టూ వెడల్పాటి అంచు, మధ్యలో పల్లం ఉండేవి. పూలతీగ ఏదైనా ఆ అంచు చుట్టూ తిరగాల్సిందే. స్టైల్‌క్రాఫ్ట్ ప్లేటుకు ఆ అంచు లేదు. మూలలు గుండ్రంగా తిరిగిన చదరంలా ఉండి, చివర్లు మాత్రం కొద్దిగా పైకి లేస్తాయి. దాంతో ప్లేటు మొత్తం ఒకే కాగితంలా డిజైనర్ చేతికొచ్చింది. 1954లో ఆర్కిటెక్ట్ హ్యూ కాసన్ దక్షిణ ఫ్రాన్స్ వీధుల స్కెచ్‌లు వేసిన రివియెరా డిజైను పాత అంచు ప్లేటు మీద ఊహించుకోవడం కూడా కష్టం. బొమ్మ సగం పల్లంలోకి జారిపోయేది. 1955లో జైసెల్ ధోరణికి ఇంకా దగ్గరగా, మరింత ఒంపులు తిరిగిన ఫ్యాషన్ అనే ఆకారం వచ్చింది. 1962లో డేవిడ్ క్వీన్స్‌బరీ గీసిన ఫైన్ ఆకారం వచ్చింది. ఆ ఒంపులన్నీ పోయి, కాఫీ పాట్ నిటారు స్తంభంలా తయారైంది. వెనక్కి తిప్పి చూడకుండానే, షెల్ఫులో దూరం నుంచి చూసి ఈ మూడింటినీ వేరు చేయొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముద్రలకంటే ముందు ఈ ఆకారాలు కంటికి అలవాటు చేసుకుంటే మంచిది. మొదటి పుట్టుక ఇదే.

బొమ్మ ఎవరిది

రెండో పుట్టుక డిజైనుది. ఒకే ఆకారం మీద పదుల కొద్దీ డిజైన్లు వచ్చాయి. ఒక డిజైను బాగా అమ్ముడైతే ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి ప్రయాణం చేసేది. కాసన్ రివియెరా కొన్నేళ్ళకు కాన్ అనే పేరుతో ఫ్యాషన్ ఆకారం మీదికి వెళ్ళింది. బొమ్మ చూసి 1954 అంటే పప్పులో కాలేసినట్టే.

మిడ్‌వింటర్‌లో ఈ పని ఎక్కువగా చేసిన మనిషి జెస్సీ టేట్. 1928లో పుట్టిన స్టోక్ అమ్మాయి. బర్స్‌లెమ్ ఆర్ట్ స్కూల్లో చదువుకుని 1946లో కంపెనీలో చేరింది. రెడ్ డామినో, ప్రిమవేరా, జాంబెజీ, హోమ్‌స్పన్ లాంటివి ఆమె డిజైన్లే. ఫైన్ ఆకారం మీద సియెనా (1962), స్పానిష్ గార్డెన్ (1966) కూడా ఆమెవే. దశాబ్దాల పాటు బ్రిటిష్ వంటిళ్ళలో జనం రోజూ చూసిన గీతలు ఈమె చేతివి. అదే సమయంలో బయటి నుంచి కాసన్‌ను, అప్పటికి ఇంకా కుర్రవాడైన టెరెన్స్ కాన్రన్‌ను పిలిపించి కొన్ని డిజైన్లు చేయించారు. కాన్రన్ కూరగాయల బొమ్మలతో సలాడ్ వేర్, కుండీ మొక్కలతో ప్లాంట్ లైఫ్, నల్లని గళ్ళతో చెకర్స్ గీశాడు. బయటి నుంచి వచ్చిన పేరున్నవాళ్ళ పేర్లు ముద్రలోకి ఎక్కాయి. ఫ్యాక్టరీలో జీతానికి పనిచేసేవాళ్ళ పేర్లు అంత సులువుగా ఎక్కలేదు.

దీని ప్రభావం ఇప్పటికీ ధరల మీద ఉంది. కాన్రన్ తర్వాత పెద్ద వ్యాపారవేత్త అయ్యాడు, లండన్ డిజైన్ మ్యూజియం పెట్టాడు, కాబట్టి ఆయన పేరున్న ప్లేటుకు ఆ కీర్తి కూడా కలిసొస్తుంది. నా మటుకు నాకు టేట్ జాంబెజీ ముందు ప్లాంట్ లైఫ్ తేలిపోతుంది. ప్లాంట్ లైఫ్ ముచ్చటైన బొమ్మే. జాంబెజీలో మాత్రం కప్పు ఒంపును అనుసరించి ఆ నల్ల చారలు సన్నబడి, మళ్ళీ లావెక్కి, పిడిదగ్గరికొచ్చేసరికి ఎరుపులో ఆగుతాయి. గీసినామెకు ఆ ఆకారం చేతితో తెలుసు.

జాంబెజీ బాగా అమ్ముడుపోవడంతో పక్క కంపెనీలూ జీబ్రా చారల మీద పడ్డాయి. బెస్‌విక్ కంపెనీ చేసిన జీబ్రెట్ అలాంటిదే, జిమ్ హేవర్డ్ డిజైను. దాన్ని నకిలీ అని తీసిపారేయక్కర్లేదు, దానికీ సేకర్తలున్నారు. అమ్మేవాళ్ళు జాంబెజీ అని చెప్పి దాన్ని అంటగట్టకుండా చూసుకుంటే చాలు.

చేతితో వేసిందా, అచ్చు వేసిందా

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మిడ్ సెంచురీ పింగాణీలో అసలు రహస్యమంతా రంగు ప్లేటు మీదికి ఎలా వచ్చిందన్న దాంట్లోనే ఉంది.

జాంబెజీ చారలు చేతితో వేసినవి. రెండు జాంబెజీ ప్లేట్లు పక్కపక్కన పెడితే చారలు కచ్చితంగా ఒకేలా ఉండవు. కుంచె ఆనించిన చోట రంగు కొంచెం గుమిగూడి ముదురుగా ఉంటుంది, లాగుతున్నకొద్దీ పల్చబడుతుంది. వేలితో తడిమితే ఏమీ తెలియకపోవచ్చు గానీ కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఈ తేడా కనబడుతుంది. ఈ పని చేసినవాళ్ళంతా దాదాపు ఆడవాళ్ళే. కొన్ని ప్లేట్ల అడుగున ముద్ర పక్కన ఒక చిన్న రంగు చుక్కో, టిక్కో, అక్షరమో ఉంటుంది. చాలామంది దాన్ని మరక అనుకుని ధర తగ్గించమని బేరమాడతారు. ఆ ప్లేటు ఎవరు వేశారో తెలియడానికి ఆ పనిచేసినామె పెట్టుకున్న గుర్తు అది. ఎన్ని ప్లేట్లు వేస్తే అంత కూలీ వచ్చే పనిలో ఆ గుర్తే ఆమె లెక్క. పేరు ఎక్కడా రాసిలేని ఆ మనిషికి ప్లేటు మీద మిగిలిన సంతకం అదొక్కటే. అందుకే నాకు ముద్రకంటే ఆ చుక్క విలువైనదిగా అనిపిస్తుంది.

దీనికి పూర్తిగా అటు చివరన ఉన్నది హోమ్‌మేకర్ అనే డిజైను. రిడ్జ్‌వే కంపెనీలో ఎనిడ్ సీనీ అనే డిజైనర్ గీసింది. 1957 నుంచి వూల్‌వర్త్స్ దుకాణాల్లో చవగ్గా అమ్మారు. తెల్ల ప్లేటు మీద నల్లటి అచ్చు. అందులో అప్పటి కొత్త ఇంటి సామానంతా ఉంటుంది: డిజైనర్ రాబిన్ డే చేసిన కుర్చీ, సిగ్వర్డ్ బెర్నడాట్ చేసిన సోఫా, మూత్రపిండం ఆకారపు బల్ల, సన్నకాళ్ళ దీపం, మొక్కల స్టాండు, ఫోర్కులూ కత్తులూ. ఆ కుర్చీ, సోఫా కొనే స్తోమత లేని ఇంట్లో కూడా వాటి బొమ్మ భోజనం బల్ల మీదికొచ్చింది. దాని మీద కోడిగుడ్డూ బ్రెడ్డూ తిన్నారు. 1950ల బ్రిటన్ ఏం కోరుకుందో ఇంత స్పష్టంగా చెప్పే ప్లేటు ఇంకోటి లేదనే నా అభిప్రాయం. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో దీన్ని భద్రపరిచారు.

ఇది చవగ్గా రావడానికి కారణం యంత్రం. చెక్కిన లోహపు పలక మీది రంగును మెత్తటి జెలటిన్ ప్యాడ్ ఎత్తుకుని, ప్లేటు మీద ఒక్క నొక్కుతో అచ్చు వేస్తుంది. ఇలాంటి ముర్రే కర్వెక్స్ యంత్రాలు 1950ల మధ్యలోనే స్టోక్‌లోకి వచ్చాయి. ప్లేటులాంటి పరుచుకున్న వస్తువు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. కప్పు చుట్టూ తిరిగి అచ్చు వేయడం దానికి చేతకాదు. హోమ్‌మేకర్ తొలి కప్పులు బొమ్మలేమీ లేకుండా బయట నల్లగా, లోపల తెల్లగా ఉంటాయి. బొమ్మల సాసరు మీద ఆ ఉత్త నల్ల కప్పును చూసి సెట్టు కలపలేదనుకుంటారు కొందరు. అదే అసలు సెట్టు.

అచ్చు గ్లేజు కింద ఉందా, పైన ఉందా అనేది ఇంకో ముఖ్యమైన సంగతి. గ్లేజు అంటే ప్లేటు మీదుండే గాజు పొర. రంగు దాని కింద ఉంటే కత్తి గీతలకు చెక్కుచెదరదు. పైన ఉంటే ఏళ్ళ తరబడి కడగడంతో అరిగిపోతుంది. ప్లేటును వెలుతురుకు వాలుగా పట్టుకుని చూడండి. మెరుపు రంగు మీద కూడా ఏకధాటిగా సాగితే రంగు కింద ఉన్నట్టు. రంగున్న చోట మెరుపు తెగి, కాస్త ఎత్తుగా, మసకగా కనబడితే పైన ఉన్నట్టు. పైన వేసిన రంగుంటే ధర స్టిక్కర్‌ను గోటితో గీకి తీయకండి, బంగారు గీత కూడా దాంతోపాటే ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నాననిస్తే సరి.

ముద్ర చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు ప్లేటు వెనక్కి తిప్పొచ్చు. మూడో పుట్టుక, అంటే ఈ ఒక్క ప్లేటు ఎప్పుడు తయారైందన్నది తేల్చడానికే ముద్ర పనికొస్తుంది. అదీ పూర్తిగా కాదు.

రిజిస్టర్డ్ నంబర్ ఉంటే అది డిజైను హక్కును నమోదు చేసిన తేదీకి దారి చూపిస్తుంది. ప్లేటు తయారైన తేదీతో దానికి సంబంధం లేదు. ఆ డిజైను అమ్ముడవుతున్నన్నాళ్ళూ అదే నంబర్ వేస్తూ పోయారు. ఆకారం పేరు ఉంటే అంతకుముందుది కాదని మాత్రం తెలుస్తుంది. ముద్రలోని చిన్న మాటలే ఎక్కువ సాయపడతాయి. డిటర్జెంట్ ప్రూఫ్ అనో, డిష్‌వాషర్ సేఫ్ అనో ఉంటే ఆ యంత్రాలు ఇళ్ళలోకి చేరుతున్న కాలానిది, అంటే 1960లు, ఆ తర్వాతిది. మైక్రోవేవ్ ప్రస్తావన ఉంటే 1950ల మాట మర్చిపోవచ్చు. యజమాని మారడం కూడా ఒక ఆధారమే. మిడ్‌వింటర్ 1968లో జె. అండ్ జి. మీకిన్ చేతికి, 1970లో వెడ్జ్‌వుడ్ చేతికి వెళ్ళింది. ముద్రలో వెడ్జ్‌వుడ్ గ్రూప్ అనే మాట కనబడితే, బొమ్మ ఎంత పాతదైనా ప్లేటు 1970కి ఇటువైపుదే.

జర్మనీ వస్తువులకు లెక్క వేరు. 1960, 70ల్లో పశ్చిమ జర్మనీలో షోయిరిష్, బే, కార్‌స్టెన్స్ లాంటి కంపెనీలు చేసిన పూలకూజాల అడుగున కంపెనీ పేరు తరచుగా ఉండదు. డబ్ల్యూ జర్మనీ అని రాసి, పక్కన 517-38 లాంటి అంకెలుంటాయి. కొత్తవాళ్ళు దాన్ని తేదీ అనుకుని 1938 నాటిదని మురిసిపోతారు. మొదటి అంకె ఆకారం నంబర్, రెండోది సెంటీమీటర్లలో ఎత్తు. స్కేలు పెట్టి కొలిస్తే తేలిపోతుంది. పశ్చిమ జర్మనీ అనే దేశం 1949 నుంచి 1990 దాకానే ఉంది కాబట్టి ఆ రెండు మాటలే కాలానికి హద్దులు గీస్తాయి. వీటి మీద లావా పొంగి గడ్డకట్టినట్టు గరుకుగా ఉండే గ్లేజుకు కారణం సిలికాన్ కార్బైడ్. బట్టీ వేడికి అది వాయువును వదులుతుంది, ఆ బుడగలు గ్లేజును పొంగించి గుంతలు చేస్తాయి. ఒకే ఆకారం నంబర్ మీద పదుల రకాల గ్లేజులొచ్చాయి కనుక ఇక్కడ నంబర్ చూసి ధర కట్టడం తప్పు, గ్లేజు చూసి కట్టాలి.

నార్వే కాత్రినెహోల్మ్ ఎనామిల్ గిన్నెల మీద లోటస్ రేకుల డిజైను చూసే ఉంటారు. ఆ గిన్నెల ఆకారాలు గ్రేటే ప్రిట్జ్ కిట్టెల్‌సెన్‌వి. రేకులు మాత్రం ఆర్నె క్లౌసెన్ అనే ఇంకో డిజైనర్‌వి. ప్రపంచమంతా రేకులు చూసి గ్రేటేను మెచ్చుకుంటోంది. స్వీడన్ గుస్తావ్స్‌బెర్గ్ కంపెనీకి స్టిగ్ లిండ్‌బెర్గ్ గీసిన పచ్చ ఆకుల బెర్షో సంగతి ఇంకో రకం. అది 1960ల డిజైను, మధ్యలో ఆపేసి 2000ల్లో మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టారు. కొత్తది కూడా అసలు కంపెనీ చేసిన అసలు డిజైనే, నకిలీ ఏమీ కాదు. వాడుకోవడానికి కొత్తదే మేలు. పాత ధర పెట్టి కొత్తది కొంటేనే బాధ.

ధర దేన్ని బట్టి వస్తుంది

ఇందులో పెద్ద మర్మం లేదు. ఎక్కువ అమ్ముడైంది చవక, తొందరగా పగిలేది ప్రియం. హోమ్‌మేకర్ ప్లేట్లు విపరీతంగా అమ్ముడయ్యాయి కాబట్టి ఇప్పటికీ దొరుకుతాయి. అదే డిజైనులో టీ పాట్, కాఫీ పాట్ కావాలంటే చాలాకాలం వేచిచూడాలి. మూతలు పగులుతాయి, ముక్కులు విరుగుతాయి, పిడులు ఊడతాయి. పాట్‌తో పాటు మూత అసలుదేనా అని చూసుకోవాలి. మూత కూర్చున్నప్పుడు అటూ ఇటూ ఊగినా, గ్లేజు తెలుపు పాట్ తెలుపుతో కలవకపోయినా వేరే దాని మూత తెచ్చిపెట్టారని అర్థం. పన్నెండు మందికి సరిపడే పూర్తి డిన్నర్ సెట్లు ఆశ్చర్యకరంగా చవగ్గా పోతుంటాయి, అంత పెట్టుకునే చోటు ఎవరికీ లేదు కాబట్టి.

నాణ్యత చూసేటప్పుడు కంటికంటే వేలు నమ్మకమైనది. అంచు చుట్టూ వేలి కొసతో నిదానంగా తిరగాలి, పెచ్చు ఊడితే అక్కడ గుచ్చుకుంటుంది. తర్వాత ప్లేటును వేళ్ళ కొసల మీద నిలిపి మెటికతో తట్టాలి. శబ్దం కాసేపు మోగితే మంచిది, బొంగురుగా ఆగిపోతే ఎక్కడో వెంట్రుకవాసి పగులుంది. అతికించి రంగు పూసిన చోట్లు మామూలు వెలుతురులో దొరక్కపోయినా అతినీలలోహిత టార్చి వేస్తే వేరే రంగులో మెరుస్తాయి. ప్లేటు మధ్యలో బూడిద రంగు గీతలుంటే కంగారుపడక్కర్లేదు. అవి చాలాసార్లు చెంచాలూ కత్తులూ వదిలిన లోహపు గుర్తులు, మెత్తటి క్లీనింగ్ క్రీముతో పోతాయి. వేలిగోరు ఆ గీతలో తట్టుకుంటే మాత్రం అది నిజమైన గీరు.

గ్లేజులో సాలెగూడు లాంటి సన్నటి నెర్రెలు కనబడటం ఈ పింగాణీకి సర్వసాధారణం. దీనికి కారణం తెలిస్తే వాడకం సంగతి కూడా తేలుతుంది. స్టోక్ రోజువారీ ప్లేట్లు ఎక్కువగా ఎర్తెన్‌వేర్, అంటే సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చిన మట్టి. ఆ వేడికి మట్టి పూర్తిగా గట్టిపడి గాజులా మారదు, లోపల సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. గ్లేజు లేని అడుగు అంచు నుంచి ఏళ్ళ తరబడి తేమ పీల్చుకుని ఆ మట్టి కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. పైనున్న గాజు పొర సాగలేదు, అందుకే నెర్రెలు విచ్చుతుంది. ఇక కూర నూనె, టీ డికాషన్ ఆ నెర్రెల్లోంచి మట్టిలోకి దిగి గోధుమరంగు మరకలవుతాయి. వీటిని పోగొట్టాలని క్లోరిన్ బ్లీచులో ముంచకండి. బ్లీచు లోపలికి దిగి ఉప్పులా గడ్డకట్టి గ్లేజును పెచ్చులుగా లేపేస్తుంది.

పులుసు పోయొచ్చా

మనవాళ్ళు తప్పకుండా ఆలోచించాల్సింది ఇదే, ఎందుకంటే చింతపండు, నిమ్మకాయ, పెరుగు, టమాటా లేకుండా మనకు పూట గడవదు.

ఆ కాలపు గ్లేజుల్లో సీసం వాడకం మామూలే. గ్లేజు తక్కువ వేడికే కరిగి, అద్దంలా మెరవడానికి అది సాయపడుతుంది. ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో కాడ్మియం కూడా ఉండొచ్చు. బ్రిటన్‌లో 1947 నాటి నిబంధనలు పచ్చి సీసం గ్లేజులను ఆపేశాయి కాబట్టి 1950ల ప్లేట్లలో సీసం లేదని కొందరు వాదిస్తారు. ఆ నిబంధనలు వచ్చింది సీసం ధూళి పీల్చి జబ్బుపడుతున్న కార్మికుల కోసం. సీసాన్ని ముందే సిలికాతో కలిపి కరిగించి, గాజులా చేసి పొడికొట్టిన, ఆమ్లంలో తక్కువగా కరిగే రకాన్ని వాడుకోనిచ్చారు. అంటే సీసం పోలేదు, దాని రూపం మారింది. తినే ప్లేటులోంచి ఎంత సీసం దిగొచ్చు అనే పరిమితులు అమెరికాలో 1970ల మొదట్లో గానీ రాలేదు. అమెరికా వస్తువులు సేకరించేవాళ్ళు ఫియెస్టా ఎరుపు గురించి కూడా తెలుసుకోవాలి. హోమర్ లాఫ్లిన్ కంపెనీ 1936లో తెచ్చిన ఆ నారింజ కలిసిన ఎరుపుకు యురేనియం ఆక్సైడ్ వాడారు. యుద్ధంలో ప్రభుత్వం యురేనియం స్వాధీనం చేసుకోవడంతో 1943లో ఆగి, 1959లో మళ్ళీ వచ్చింది.

గ్లేజులో సీసం ఉండటం ఒక సంగతి, అది తిండిలోకి దిగడం ఇంకో సంగతి. దుకాణాల్లో దొరికే పరీక్ష పుల్లలు పైపైన ఏదో చెబుతాయి, వాటి మాట నమ్మి నిశ్చింతగా ఉండలేం. ఎక్స్‌రే యంత్రంతో చూస్తే వస్తువులో మొత్తం ఎంత సీసం ఉందో తెలుస్తుంది గానీ దిగేది ఎంతో తెలియదు. అది తేలాలంటే ప్రయోగశాలలో పులుపు ద్రావణం పోసి గంటల తరబడి ఉంచి కొలవాలి. దిగడానికి కావాల్సినవి పులుపు, వేడి, సమయం. ఈ మూడూ మన పప్పుచారులో, పులిహోరలో, ఊరగాయలో ఒకేచోట దొరుకుతాయి. నెర్రెలు విచ్చిన గ్లేజు, గ్లేజు పైన వేసిన రంగు అరిగిపోయిన ప్లేటు అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ.

మన ఇళ్ళలో ఆవకాయ పెట్టిన గోధుమరంగు, తెలుపు జాడీలు ఈ జాతివి కావు. అవి బాగా ఎక్కువ వేడి మీద కాల్చిన స్టోన్‌వేర్, మట్టి గట్టిపడి ఉంటుంది కాబట్టి నూనె, ఉప్పు లోపలికి పీల్చుకోదు. చారిటీ షాపులో దొరికిన మూతగల ముచ్చటైన మిడ్ సెంచురీ డబ్బా చూసి, అది కూడా జాడీయే కదా అని అందులో నిమ్మకాయ పచ్చడి పెట్టొద్దు. పిల్లలూ, గర్భిణులూ ఉన్న ఇంట్లో ఇలాంటి పాత రంగుల పింగాణీలో రోజూ తినడం, తాగడం మానుకోవాలి. నా పద్ధతి చెబుతాను: నెర్రెలు లేనివాటిలో బిస్కెట్లు, జంతికలు, అరటిపళ్ళలాంటి పొడి వస్తువులు పెట్టుకోవచ్చు. లోపల రంగున్న కప్పులు షెల్ఫులోనే. పెరుగు పచ్చడికి స్టీలు గిన్నె.

కొనడం మొదలుపెట్టేవాళ్ళకు జాంబెజీ వెంటపడొద్దనే చెబుతాను, పోటీ ఎక్కువ. ఫైన్ ఆకారం మీద సియెనా గానీ స్పానిష్ గార్డెన్ గానీ వెతకండి. చాలా ఏళ్ళు తయారైనవి, అందుబాటు ధరల్లో ఇంకా దొరుకుతున్నాయి, ఆకారం క్వీన్స్‌బరీది, గీత టేట్‌ది. ఇండియాకు తెచ్చుకునేటప్పుడు ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, మధ్యమధ్య కాగితం పెట్టి నిలువుగా సర్దండి. మూతలను పాట్ల మీద పెట్టి కట్టొద్దు, విడిగా చుట్టాలి. వీలైతే ఒకసారి స్టోక్ వెళ్ళి హాన్లీలోని పాటరీస్ మ్యూజియం, లాంగ్‌టన్‌లోని గ్లాడ్‌స్టన్ పాటరీ మ్యూజియం చూడండి. బుడ్డి సీసా ఆకారంలో ఆకాశంలోకి లేచిన పాత బొగ్గు బట్టీలు గ్లాడ్‌స్టన్‌లో ఉన్నాయి. ఒకప్పుడు ఆ ఆరు ఊళ్ళలో ఇలాంటివి రెండు వేల దాకా ఉండేవి. 1956లో వచ్చిన గాలి కాలుష్య చట్టం తర్వాత గ్యాసు, కరెంటు బట్టీలు వాటి స్థానంలోకి వచ్చాయి. చివరిసారిగా ఒకదాన్ని వెలిగించింది 1978లో, ఆ పని తెలిసినవాళ్ళు ఇంకా బతికుండగానే రికార్డు చేసిపెట్టాలని.